డేర్‌డెవిల్, పనిషర్: చట్టాన్ని చేతుల్లోకి తీసుకున్న ఇద్దరిని పోల్చి రాయడం ఎలా

హనుమకొండలోనో కరీంనగర్‌లోనో ఒక కళాశాల సాహిత్య సంఘం కామిక్స్ మీద చర్చ పెట్టి, అమెరికన్ కామిక్ పాత్రలైన డేర్‌డెవిల్‌నూ పనిషర్‌నూ ఎదురెదురుగా నిలబెడితే, పది నిమిషాలు గడవకముందే చర్చంతా ఒక్క వాక్యానికి కుదించుకుపోతుంది: ఒకడు చంపడు, ఇంకొకడు చంపుతాడు. ఆ వాక్యంలో అబద్ధమేమీ లేదు. అయితే అక్కడే ఆగితే ఆ తరువాత చేయడానికి మిగిలేది చేతులెత్తించి ఓట్లు లెక్కపెట్టడమే. కళాశాల పత్రికకు ఈ అంశం మీద వ్యాసం రాయబోయేవారికీ, చదువరుల బృందంలో చర్చ నడపబోయేవారికీ పనికివస్తుందని ఈ పద్ధతిని రాస్తున్నాను. దీనికంతటికీ ఆధారమైన ప్రశ్న ఒకటే: తాను పొరబడ్డానని తెలిసిన రోజున ఆ పొరపాటును దిద్దుకోవడానికి ఇద్దరిలో ఎవరి పద్ధతిలో చోటు ఉంది, ఆ చోటు కోసం ఎవరు ఎంత మూల్యం చెల్లించారు?

ముందుగా పాఠ్యాన్ని నిర్ణయించుకోవాలి. డేర్‌డెవిల్‌ను స్టాన్ లీ, బిల్ ఎవరెట్ 1964లో సృష్టించారు. పనిషర్ 1974లో స్పైడర్‌మ్యాన్ పత్రిక 129వ సంచికలో, జెర్రీ కాన్వే రాసిన కథలో తొలిసారి కనిపించాడు. అతని రూపాన్ని తీర్చడంలో జాన్ రోమిటా, రాస్ ఆండ్రూల చేయి ఉంది. అప్పటి నుంచి ఇద్దరూ ఎందరో రచయితల చేతుల్లో ఎన్నో విధాలుగా మారుతూ వచ్చారు కాబట్టి, "పనిషర్ ఇలాంటివాడు" అని రాసిన ప్రతిచోటా "ఏ సంచికలో?" అని మిమ్మల్ని మీరే ప్రశ్నించుకోవలసి ఉంటుంది. ఈ ఇద్దరినీ మొత్తంగా పోల్చడానికి ఒక జీవితకాలం చాలదు. ఎంచుకున్న ఏడెనిమిది సంచికల్లో పోల్చడానికి ఒక వారం చాలు. నా ఎంపిక ఇది: స్పైడర్‌మ్యాన్ 129, ఫ్రాంక్ మిల్లర్ కాలపు డేర్‌డెవిల్ సంచికల్లో 169, 181, 183, 184, 191, అంటే 1981 నుంచి 1983 వరకు వచ్చినవి, గార్త్ ఎనిస్ రచనలో 2000లో మొదలైన పనిషర్ వరుసలోని మూడవ సంచిక, అదే రచయిత 2003లో రాసిన, 'బార్న్' అనే పేరుగల వియత్నాం కథ. వీటిని ఇదే వరుసలో చదవడం మంచిది.

డేర్‌డెవిల్ టెలివిజన్ సిరీస్ మాత్రమే చూసి వచ్చేవారు బృందంలో తప్పక ఉంటారు. వారిని వారించనక్కరలేదు గానీ, ఆ సిరీస్‌లోని సంఘటననూ కామిక్‌లోని సంఘటననూ ఒకే పేరాలో కలిపేయనివ్వకూడదు. ఎందుకంటే ఒకే సన్నివేశం రెండు చోట్లా రెండు విధాలుగా ముగుస్తుంది. ఆ సంగతి ముందు ముందు వస్తుంది.

పుట్టుపూర్వోత్తరాల కోసం ఎక్కువ స్థలం ఖర్చు చేయకండి. డేర్‌డెవిల్ అసలు పేరు మ్యాట్ మర్డాక్, న్యూయార్క్‌లోని హెల్స్ కిచెన్ అనే పేటలో ఒక బాక్సర్ కొడుకు. చిన్నతనంలో లారీ కిందపడబోయిన ఒక వృద్ధుణ్ని కాపాడబోయి, రేడియోధార్మిక పదార్థం తగిలి చూపు పోగొట్టుకున్నాడు. మిగిలిన ఇంద్రియాలు అసాధారణంగా పదునెక్కాయి. పోటీలో కావాలని ఓడిపోవడానికి నిరాకరించినందుకు తండ్రి హతుడయ్యాడు. కొడుకు న్యాయవాది అయ్యాడు. పనిషర్ అసలు పేరు ఫ్రాంక్ కాజిల్, వియత్నాం యుద్ధంలో పనిచేసిన మెరైన్ సైనికుడు. సెంట్రల్ పార్క్‌లో ముఠాల కాల్పులకు భార్యా ఇద్దరు పిల్లలూ బలైపోయాక, నేరస్థుల మీద తన సొంత యుద్ధం మొదలుపెట్టాడు. ఇంతవరకు మూడు నాలుగు వాక్యాల్లో ముగించవచ్చు. ఒక్క సంగతిని మాత్రం వదలకండి: 'బార్న్' కథలో ఎనిస్ ఈ మూలకథకే ఎసరు పెట్టాడు. 1971 నాటి ఒక వియత్నాం స్థావరంలో కాజిల్ యుద్ధం ముగిసిపోవడాన్నే భరించలేని మనిషిగా కనిపిస్తాడు. అంతులేని యుద్ధం ఇస్తానని ఒక గొంతు ఆశపెడుతుంది, దానికి ధర ఒకటి ఉంటుందని కూడా చెబుతుంది. ఈ కథను లెక్కలోకి తీసుకుంటే కుటుంబం చనిపోవడం అతని హింసకు కారణమా, లేక అప్పటికే ఉన్న హింసకు దొరికిన సాకా అనే అనుమానం వస్తుంది. "పాపం, కుటుంబాన్ని పోగొట్టుకున్నాడు కదా" అన్న సానుభూతితో వ్యాసం మొదలుపెట్టేవారు ఈ కథను తప్పకుండా చదవాలి.

ఇక అసలు పోలిక. దీన్ని "ఎవరు మంచివారు?" అన్న ప్రశ్నతో మొదలుపెట్టకుండా, "నేరం ఎవరు చేశారో ఇతనికి ఎలా తెలిసింది?" అన్న ప్రశ్నతో మొదలుపెట్టండి. ఈ ప్రశ్న ఎంత ఫలవంతమైనదో చూపడానికి ఇద్దరి కథల్లోనూ ఒక్కొక్క పొరపాటు సిద్ధంగా ఉంది.

పనిషర్ పొరపాటు అతని మొట్టమొదటి కథలోనే ఉంది. 129వ సంచికలో అతడు గురిపెట్టింది స్పైడర్‌మ్యాన్‌కు. నార్మన్ ఆస్బార్న్ అనే పారిశ్రామికవేత్తను స్పైడర్‌మ్యానే చంపాడని నమ్మి, జాకల్ అనే దుష్టుడి మాట పట్టుకుని బయలుదేరాడు. అంటే పనిషర్ ప్రయాణమే ఒక అమాయకుడి వైపు గురిపెట్టిన తుపాకీతో మొదలైంది. స్పైడర్‌మ్యాన్‌కు తప్పించుకునే శక్తులు ఉన్నాయి కాబట్టి కథ సాగింది. ఆ స్థానంలో ఒక మామూలు మనిషి ఉంటే అది ఒక్క పేజీతో ముగిసిపోయేది. పనిషర్‌ను సమర్థించే వాదనలన్నీ అతడు చంపేవారంతా నిజంగానే నేరస్థులన్న నమ్మకం మీద నిలబడతాయి. ఆ నమ్మకాన్ని పాఠకుడికి కలిగించేది రచయిత. కథలోని కాజిల్‌కు అలాంటి హామీ ఎవరూ ఇవ్వలేదు. మీ వ్యాసంలో ఈ తేడాను గట్టిగా పట్టుకోండి.

డేర్‌డెవిల్ పొరపాటు మరింత సూక్ష్మమైనది, నాకు ఎక్కువ ఇష్టమైనది కూడా. మర్డాక్‌కు ఎదుటివారి గుండె చప్పుడు వినిపిస్తుంది. అబద్ధమాడేవాడి గుండె లయ తప్పుతుంది. అలా నిజానిజాలు తేల్చుకుంటాడు. 183, 184 సంచికల్లో మాదకద్రవ్యం వల్ల ఒక బడిపిల్ల ప్రాణం పోతుంది. ఆ పిల్ల తమ్ముడు పగతో రగిలిపోతుంటాడు. అదే సమయంలో పనిషర్ ఊళ్లోకి వస్తాడు. మాదకద్రవ్యాలు అమ్మే హాగ్‌మన్ అనేవాడు హత్యానేరం మీద పట్టుబడతాడు. "నేను చంపలేదు" అని అతడు అన్నప్పుడు గుండె నిలకడగా కొట్టుకోవడం విని, మర్డాక్ అతని తరఫున వాదించి విడిపిస్తాడు. తరువాత తెలుస్తుంది, ఆ నేరం చేసింది హాగ్‌మనే అని. గుండె నిలకడగా కొట్టుకోవడానికి కారణం అతని ఛాతీలో అమర్చిన పేస్‌మేకర్.

ఈ ఒక్క వివరం దగ్గర వ్యాసాన్ని ఆపి, తొందరపడకుండా రాయండి. మర్డాక్ చేసిన తప్పు ఏమిటి? న్యాయస్థానం ముందు ఉన్న సాక్ష్యాల కన్నా తన చెవిని ఎక్కువగా నమ్మాడు. కోర్టు గదిలో న్యాయవాదిగా కూర్చున్నప్పుడు కూడా లోపల ముసుగు మనిషే తీర్పు చెప్పేశాడు. ఆ కోణంలో చూస్తే అతనికీ పనిషర్‌కూ మధ్య దూరం మనం అనుకున్నంత లేదు. సాక్ష్యాన్ని ఎవరికీ చూపనక్కరలేదన్న ధీమా ఇద్దరిదీ. అయితే ఇక్కడే తేడా కూడా తేలుతుంది. మర్డాక్ పొరపాటు వల్ల దోషి విడుదలయ్యాడు. విడుదలైనవాణ్ని మరో నేరం మీద మళ్లీ పట్టుకునే అవకాశం ఉంది. జాకల్ మాట విని పనిషర్ పేల్చిన తూటా గురి తప్పకపోయి ఉంటే, ఆ పొరపాటును ఏ కోర్టూ దిద్దలేదు.

ఇంతవరకు రాస్తే డేర్‌డెవిల్ గెలిచినట్టే అనిపిస్తుంది, అందుకే చాలా వ్యాసాలు ఇక్కడే ముగిసిపోతాయి. అది పనిషర్ పక్షానికి అన్యాయం. అతని వాదనను అతని కన్నా బలంగా చెప్పే కథ డేర్‌డెవిల్ సంచికల్లోనే ఉంది. 169లో బుల్స్‌ఐ అనే హంతకుడు సొరంగ రైలు పట్టాల మీద పడి ఉంటాడు, రైలు వస్తుంటుంది. డేర్‌డెవిల్ ఒక్క క్షణం తటపటాయించి అతణ్ని పట్టాల మీద నుంచి లాగేస్తాడు. ఇకమీదట వాడు తీసే ప్రాణాల భారం నీ మీదే ఉంటుందని ఒక పోలీసు అధికారి నిష్ఠూరంగా అంటాడు. 181లో అదే బుల్స్‌ఐ, మర్డాక్ ప్రేమించిన ఎలెక్ట్రాను చంపేస్తాడు. అప్పుడు వీధికి ఎంతో ఎత్తున తీగల మీద జరిగిన పోరాటంలో, బుల్స్‌ఐ చేతిని పట్టుకుని ఉన్న డేర్‌డెవిల్ ఆ చేతిని వదిలేస్తాడు. బుల్స్‌ఐ చావడు, నడుము విరిగి మంచాన పడతాడు. చంపకూడదన్న నియమానికి మూల్యం చెల్లించింది ఎలెక్ట్రా, ఆ మూల్యం చూశాక నియమం పట్టు సడలింది. ఈ మూడు సంచికల గొలుసును చెప్పకుండా "డేర్‌డెవిల్ చంపడు" అని రాయడం సగం నిజమే అవుతుంది.

ఆ గొలుసు చివర 191వ సంచిక ఉంది. ఆస్పత్రి గది, మంచం మీద కదలలేని బుల్స్‌ఐ, పక్కన కూర్చున్న డేర్‌డెవిల్, అతని చేతిలో రివాల్వర్. ఒకసారి రోగి తలకు గురిపెట్టి మీట నొక్కుతాడు, ఒకసారి తన తలకు. మధ్యమధ్యలో కథ చెబుతుంటాడు: తనను ఆరాధించే ఒక పిల్లవాడు తుపాకీ పట్టుకుని బడిలో తోటి పిల్లవాడిని కాల్చిన సంగతి, తన తండ్రి ఒకసారి తనను కొట్టిన సంగతి, మనుషులకు చట్టం అవసరమని ఆనాడే తనకు అనిపించిన సంగతి. గుండ్ల గదులు ఒక్కొక్కటే తిరుగుతూ చివరిది బుల్స్‌ఐ వంతుకు వస్తుంది. మీట నొక్కితే చప్పుడు తప్ప ఏమీ రాదు. తుపాకీలో మొదటి నుంచీ గుండు లేదు.

ఈ పేజీల పక్కన 2000 నాటి పనిషర్ మూడవ సంచికను పెట్టండి. అక్కడ పనిషర్ డేర్‌డెవిల్‌ను ఒక మేడ మీద గొలుసులతో కట్టేసి, అతని చేతికి ఒక తుపాకీని అంటించి కట్టి, దూరాన గ్నూచీ నేర కుటుంబంలోని ఒకడికి తన తుపాకీ గురిపెడతాడు. పందెం సూటిగా ఉంది: వాణ్ని బతికించాలంటే నన్ను కాల్చు, నన్ను కాల్చకపోతే వాడి చావులో నీకూ భాగముంది. డేర్‌డెవిల్ చివరికి మీట నొక్కుతాడు. ఇక్కడా చప్పుడే, గుండును పేల్చే ఫైరింగ్ పిన్‌ను పనిషర్ ముందే తీసేశాడు. 2016 నాటి సిరీస్‌లో ఇదే సన్నివేశంలో డేర్‌డెవిల్ పనిషర్‌ను కాల్చడు, గొలుసును కాల్చి విడిపించుకుంటాడు. మొదట్లో నేను హెచ్చరించింది ఈ తేడా గురించే. సిరీస్ రచయితలు డేర్‌డెవిల్‌కు ఒక దొడ్డిదారి చూపించారు, ఎనిస్ చూపించలేదు. నా మటుకు ఎనిస్ సన్నివేశమే నిజాయితీగలది, అయితే అది డేర్‌డెవిల్‌ను వెక్కిరించడానికి రాసినదన్న మాట కూడా చెప్పుకోవాలి. పనిషర్ పత్రికలో జరిగే పరీక్షలో పనిషరే పరీక్షాధికారి.

రెండు కథల్లోనూ పేలని తుపాకీ ఉందని గమనించడం సులువు. ఆ గమనిక దగ్గరే సంతోషపడి ఆగిపోకుండా, ఖాళీ అన్న సంగతి ఎవరికి తెలుసు అని అడగండి. ఆస్పత్రిలో అది డేర్‌డెవిల్‌కు తెలుసు, కాబట్టి అతడు ఆడింది బెదిరింపు, ఒక రకమైన చిత్రహింస. చంపాలన్న కోరిక అతనిలో ఉన్నా చంపే అవకాశాన్ని తానే ముందుగా తీసేసుకుని వచ్చాడు. మేడ మీద అతనికి తెలియదు, కాబట్టి ఉద్దేశంలో అతడు ఒక మనిషిని కాల్చినవాడే. పనిషర్ మాత్రం తన ప్రాణాన్ని పందెంలో పెట్టినట్టు నటించాడే గానీ పెట్టలేదు. ఈ మూడు వాక్యాలను విడదీసి, ఒక్కొక్కదానికీ కామిక్ పేజీలోని గడుల (ప్యానెళ్ల) నుంచి ఆధారం చూపిస్తూ రాస్తే ఒక మంచి పేరా తయారవుతుంది. ఆధారం అంటే సంభాషణ ఒక్కటే కాదు. ముఖం చూపించిన గడి ఏది, చేయి మాత్రమే చూపించిన గడి ఏది, మాటలే లేని గడి ఏది అన్నది కూడా ఆధారమే. కామిక్‌ను కథా సారాంశంలా చదివి బొమ్మను పట్టించుకోకుండా వదిలేసే వ్యాసాలు మనవాళ్లు చాలా రాస్తారు.

చట్టం కోణం కావాలనుకునేవారు, ముఖ్యంగా న్యాయశాస్త్రం చదివే విద్యార్థులు, కథ జరిగేది న్యూయార్క్‌లో అని గుర్తుంచుకుంటూనే మన చట్టాన్ని ఒక కొలబద్దగా వాడుకోవచ్చు. 2024 జులై 1 నుంచి అమలులో ఉన్న భారతీయ న్యాయ సంహితలో 34 నుంచి 44 వరకు ఉన్న సెక్షన్లు ఆత్మరక్షణ హక్కుకు సంబంధించినవి. అందులో 37వ సెక్షన్ ఆ హక్కుకు గీసే హద్దుల్లో రెండు ఇక్కడ పనికివస్తాయి: ప్రభుత్వ అధికారుల రక్షణ కోరడానికి వ్యవధి ఉన్నప్పుడు ఆ హక్కు వర్తించదు, రక్షణకు అవసరమైన దానికి మించి హాని చేయకూడదు. మేడ మీద మాటు వేసిన పనిషర్‌కు వ్యవధికి కొదవ లేదు, మొదటి హద్దు దగ్గరే అతడు ఆగిపోతాడు. మంచాన పడి ఉన్నవాడి నుదుటికి తుపాకీ పెట్టిన డేర్‌డెవిల్ రెండు హద్దులూ దాటాడు. పగలు కోర్టులో నియమాలు చెప్పేవాడు రాత్రి సోదా వారెంటు లేకుండా ఇళ్లలోకి దూకడం మీద ప్రత్యేకంగా ఒక పేరా రాయవచ్చు. అది అందరూ రాసేదే కాబట్టి క్లుప్తంగా ఉంచండి.

చర్చ వరంగల్‌లో జరిగితే ఎవరో ఒకరు "కోర్టుల చుట్టు ఎన్నేండ్లు తిరగాలె అన్నా?" అని తప్పకుండా అడుగుతారు, ఆ వెంటనే 2008 డిసెంబరు మాట వస్తుంది. ఇద్దరు ఇంజనీరింగ్ విద్యార్థినుల మీద యాసిడ్ దాడి జరిగిన కొద్ది రోజులకే, నిందితులు ముగ్గురూ మామునూరు వద్ద పోలీసు కాల్పుల్లో మరణించిన ఘటన ఈ ఊరి జ్ఞాపకంలో ఇంకా పచ్చిగానే ఉంది. చాలామంది దాన్ని బాహాటంగా మెచ్చుకున్నారు కూడా. 2019లో హైదరాబాద్ శివార్లలో జరిగిన అత్యాచారం, హత్య కేసు నిందితులు నలుగురు పోలీసు కాల్పుల్లో చనిపోయినప్పుడు సుప్రీంకోర్టు జస్టిస్ సిర్పూర్కర్ కమిషన్‌ను వేసింది. వారిని చంపే ఉద్దేశంతోనే కాల్పులు జరిపారని ఆ కమిషన్ తేల్చిన సంగతి 2022లో బయటికి వచ్చింది. చర్చ నడిపేవారు ఈ ప్రస్తావనను తుంచేయకూడదు, ఎందుకంటే పనిషర్ పట్ల మనవాళ్లకున్న ఆకర్షణ ఎక్కడి నుంచి వస్తుందో అది చెబుతుంది. కానీ రెండింటినీ ఒకటిగా చూడనివ్వకూడదు. పనిషర్ ఏ అధికారమూ లేని ప్రైవేటు వ్యక్తి, పోలీసు శాఖ రాజ్యంలో భాగం. పోలీసు తూటాకు విచారణ కమిషన్ సమాధానం అడగగలిగింది, కాజిల్ తన తూటాకు ఎవరికీ సమాధానం చెప్పాలనుకోడు. ఇంకొకటి, నిజంగా బాధపడిన కుటుంబాల పేర్లను కామిక్ పాత్రల సరసన పెట్టి మాట్లాడవద్దని ముందే చెప్పండి. ఐదు నిమిషాల్లో ఈ చర్చను ముగించి గడుల దగ్గరికి తిరిగి రావడం మంచిది.

పనిషర్ ఛాతీ మీది తెల్ల పుర్రె గుర్తును మన వీధుల్లో బండ్ల మీద, టీషర్టుల మీద పెట్టుకునేవారిలో ఎందరికి ఆ పాత్ర తెలుసో గానీ, అమెరికాలో పోలీసులూ సైనికులూ దాన్ని తమ గుర్తుగా చేసుకోవడాన్ని పాత్ర సృష్టికర్త కాన్వే బహిరంగంగా తప్పుబట్టాడు. 2019లో వచ్చిన ఒక సంచికలో పనిషరే తనను అభిమానించే పోలీసుల స్టిక్కర్‌ను చింపి, ఆదర్శం కావాలంటే కెప్టెన్ అమెరికా దగ్గరికి వెళ్లమంటాడు. ఇది వ్యాసం చివరి భాగంలో బాగా ఒదుగుతుంది, ఎందుకంటే తన పద్ధతిని ఎవరూ అనుసరించకూడదని పనిషర్‌కే తెలుసని అది చూపిస్తుంది. 191లోని పిల్లవాడి కథ డేర్‌డెవిల్ విషయంలో ఇదే పని చేస్తుంది. రెండూ పక్కపక్కన రాయండి. ఎవరు చెబుతున్నారన్న దాన్ని బట్టి మనిషి ఎలా మారిపోతాడో చూపడానికి స్థానిక ఉదాహరణ కావాలంటే సర్వాయి పాపన్న ఉన్నాడు. 1708లో వరంగల్ మీద దాడి చేసిన ఆ ఖిలాషాపురం వీరుడు మొఘల్ చరిత్రకారుడు ఖాఫీ ఖాన్ రాతల్లో దోపిడీదారు, జనగామ ప్రాంతపు గాథల్లో దొర.

వ్యాసానికి ఆకృతి గురించి చెప్పవలసింది కొంతే. సగం డేర్‌డెవిల్‌కు, సగం పనిషర్‌కు అని పంచవద్దు. ఒకే ప్రశ్నను ఇద్దరినీ వెంటవెంటనే అడుగుతూ సాగితే పోలిక తనంతట తానే నడుస్తుంది. "నైతిక సంక్లిష్టత" అనే మాటను రాసిన ప్రతిసారీ కొట్టేసి, ఆ చోట ఆ పాత్ర చేసిన పని ఏమిటో రాయండి. చర్చకు ప్రశ్నలు తయారు చేసేటప్పుడు మన బేతాళ కథల పద్ధతిని మించినది లేదు: కథంతా చెప్పి, తెలిసీ జవాబు చెప్పకపోతే తల పగిలేంత బిగువైన ప్రశ్న ఒక్కటి వేయాలి. "చంపడం తప్పా?" అన్నది అలాంటి ప్రశ్న కాదు, దానికి అందరి దగ్గరా జవాబు సిద్ధంగా ఉంటుంది. "హాగ్‌మన్ విడుదలైన రాత్రి ఆ బడిపిల్ల తమ్ముడు తుపాకీతో మర్డాక్ ఇంటి తలుపు తట్టి, నువ్వు విడిపించినవాడు ఎక్కడున్నాడో చెప్పు అని అడిగితే, మర్డాక్ చెప్పాలా వద్దా, చెప్పకపోతే ఏ హక్కుతో?" అన్నది అలాంటి ప్రశ్న. జవాబు చెప్పేవారు సంచిక సంఖ్య చూపించి మాట్లాడాలన్న నియమం పెడితే కేకలు చాలా తగ్గుతాయి.

పత్రిక సంపాదకులు నిడివి తగ్గించమంటే ముందు పాపన్న వాక్యాన్ని తీసేయండి, తరువాత సెక్షన్ల పేరాను, ఇంకా తగ్గించమంటే పుట్టుపూర్వోత్తరాలను. పేస్‌మేకర్ పేరాను మాత్రం ఎవరు అడిగినా ఇవ్వకండి.